తీగ తెగినా నిజం చెప్పే తెర

వార్త రెండు విధాల చెడుతుంది. అబద్ధమై చెడటం ఒకటి, పాతదై చెడటం మరొకటి. వీటిలో రెండవదానిని పసిగట్టటమే కష్టం. ఏలనంటే అది ఒకనాడు నిజమైన మాటే. సముద్రం ప్రశాంతంగా ఉన్నదన్న సమాచారం నిన్నటికి సత్యం. అదే మాట ఈ ఉదయం కూడా రేవుగట్టున వెలుగుతూ కనిపిస్తే, దానిని నమ్మి పడవ విప్పినవాడు తిరిగి గట్టు చేరకపోవచ్చు.

పేకముక్కంత కంప్యూటరును, జానెడు స్పర్శతెరను జతచేసి రేవులోనో, బడిలోనో, పంచాయతీ కార్యాలయంలోనో గోడకు బిగించటం ఈ రోజులలో అసాధ్యమైన పని కాదు. ఆసక్తి గల ఇంటర్మీడియట్ విద్యార్థి ఒక ఆదివారం మధ్యాహ్నం చేయగలిగినంతటిది. కాని ఆ గోడ అండమాన్, నికోబార్ దీవులలో ఉన్నదైతే, తెర వెలగటంతో పని ముగియదు. నిజానికి అక్కడే మొదలవుతుంది. ఆ దీవులలో కరెంటు పోతుంది, తీగ తెగుతుంది, ఉప్పుగాలి లోహాన్ని తింటుంది. ఇన్ని అవాంతరాల మధ్య కూడా తెర అబద్ధమాడకుండా ఉండాలంటే ఏమి చేయవలెనన్నది ఆలోచించదగిన విషయం.

దూరం, దారి

ఈ దీవులు ఉత్తర దక్షిణాలుగా 700 కిలోమీటర్లకు పైగా పరచుకొని ఉన్నవి. వీటిలో జనావాసం ఉన్నవి ముప్పై పైచిలుకు మాత్రమే. రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చారు. అక్కడికి చెన్నై నుండి గాని, విశాఖపట్నం నుండి గాని దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో దాదాపు మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలకు పైగా, అనగా నూటికి పదముగ్గురు. ఉత్తరాంధ్ర తీరం నుండి చేపల వేటకు, కూలిపనులకు, వ్యాపారానికి వెళ్ళి స్థిరపడినవారు వీరిలో అనేకులు.

ఈ ప్రజలకు, ప్రధాన భూభాగానికి మధ్య సమాచారం చాలాకాలం ఉపగ్రహాల మీదుగానే సాగింది. ఆ దారి ఇరుకు, వెల హెచ్చు. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి వేసిన సముద్రాంతర కేబుల్ ప్రారంభం కావటంతో పరిస్థితి మారింది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు గల ఈ కేబుల్ పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీపం, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతున్నది. ఇది గొప్ప సౌకర్యమే. అయినా కేబుల్ తాకని దీవులు, పల్లెలు ఇంకా ఉన్నవి. తాకిన చోట్ల కూడా సముద్రగర్భంలోని తీగ లంగరు తగిలో, నేల కదిలో తెగిపోతే, దానిని బాగుచేయటానికి ప్రత్యేకమైన ఓడ రావలసిందే.

విద్యుత్తు సంగతీ ఇట్టిదే. దేశమంతటినీ అల్లుకున్న విద్యుత్ జాలానికి ఈ దీవులు అందవు. ఉత్తర అండమాన్‌లో 5.25 మెగావాట్ల కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం, దక్షిణ అండమాన్‌లో సౌర విద్యుత్ కేంద్రాలు ఉన్నప్పటికీ, అధిక భాగం విద్యుత్తు నేటికీ ఓడలలో వచ్చే డీజిలుతో తయారయ్యేదే. కనుక ఇక్కడ యంత్రాన్ని అమర్చేవారు, “కరెంటు పోతే?” అన్న ప్రశ్నకు బదులు “కరెంటు పోయినప్పుడు?” అని వేసుకొనటం వివేకం.

పేకముక్క, జానెడు అద్దం

ఒకే పలక మీద కంప్యూటరు అవయవాలన్నింటినీ ఇమిడ్చిన యంత్రాలలో ఎక్కువ పేరుపొందినది రాస్ప్‌బెర్రీ పై. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం చదవటానికి వచ్చే విద్యార్థుల సంఖ్య, వారి పూర్వానుభవం తగ్గుతున్నాయని అక్కడి అధ్యాపకులు కొందరు గమనించారు. పిల్లలు పాడుచేసినా పరవాలేదనిపించే చౌక కంప్యూటరు ఉండాలన్నది ఎబెన్ అప్టన్, ఆయన సహచరుల ఆశయం. 2012 ఫిబ్రవరి 29న తొలి పలక అమ్మకానికి వచ్చింది. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. ధర 35 డాలర్లు. 2024 నాటికి అమ్ముడైన పలకలు 6 కోట్లు దాటాయి. పిల్లల కోసం పుట్టిన యంత్రం కర్మాగారాలకు, ప్రయోగశాలలకు, వాతావరణ పరిశీలనా కేంద్రాలకు కూడా చేరింది.

స్పర్శతెర చరిత్ర ఇంతకన్న పాతది. 1965లో ఇంగ్లండులోని మాల్వర్న్ రాడార్ పరిశోధనా సంస్థలో ఇ.ఎ. జాన్సన్, విమానాల రాకపోకలను నియంత్రించేవారి సౌలభ్యం కోసం, వేలితో తాకితే పలికే తెరను ప్రతిపాదించాడు. 1970 దశకంలో జెనీవా చెంతనున్న సెర్న్ సంస్థలో ఫ్రాంక్ బెక్, బెంట్ స్టంప్ అనేవారు ఒక బ్రహ్మాండమైన కణ త్వరణ యంత్రాన్ని నడపటానికి పారదర్శకమైన స్పర్శతెరను వాడారు. వందలకొద్దీ మీటల బదులు ఒక్క అద్దం చాలునని అక్కడ రుజువైంది.

రాస్ప్‌బెర్రీ పై సంస్థ స్వయంగా తయారుచేసిన ఏడంగుళాల స్పర్శతెర 2015 సెప్టెంబరులో వచ్చింది. అడ్డంగా 800, నిలువుగా 480 చుక్కలతో బొమ్మను చూపే తెర అది. 2024 నవంబరులో వచ్చిన రెండవ తెరలో 720, 1,280 చుక్కలున్నవి. దీనిని నిలువుగా వాడటం సహజం. ఇవి గాక ఇతర సంస్థల తెరలు అనేకం దొరుకుతున్నవి.

జతచేసే పద్ధతి

తెరలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో బొమ్మ, స్పర్శ రెండూ ఒకే చదునైన రిబ్బన్ కేబుల్ గుండా పోతాయి. దీనికోసం పలక మీద డీఎస్ఐ అనే ప్రత్యేక ద్వారమున్నది. రెండవ రకంలో బొమ్మ హెచ్‌డీఎంఐ తీగ మీదుగా తెరకు వెళ్తుంది. వేలు తాకిన సంగతి యూఎస్‌బీ తీగ మీదుగా కంప్యూటరుకు తిరిగి వస్తుంది. ఈ రెండవ తీగను మరచిపోయి, బొమ్మ కనిపిస్తున్నా స్పర్శ పనిచేయటం లేదని తెరను తిట్టుకొనేవారు తక్కువ కాదు.

రిబ్బన్ కేబుల్ బిగించే ముందు కరెంటు పూర్తిగా తీసివేయవలెను. ద్వారం అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ గొళ్ళేన్ని రెండు కొనల నుండి సమంగా పైకి లేపి, కేబుల్‌ను లోహపు గీతలు సరియైన వైపున ఉండేట్లు వంకర లేకుండా లోపలికి దించి, గొళ్ళెం నొక్కాలి. బలం ఉపయోగించే పని ఇందులో ఏదీ లేదు. బలం ఉపయోగించవలసి వచ్చిందంటే కేబుల్ తిరగబడి ఉన్నదని అర్థం. పై 4 వరకు వచ్చిన పెద్ద పలకలలో ఈ ద్వారానికి 15 పిన్నులు. 2023లో వచ్చిన పై 5లో ద్వారం ఇరుకై, పిన్నులు 22 అయినవి. పలకకు తగిన కేబుల్ ముందే చూసుకొని తెప్పించుకొనటం, మరొకటి అదనంగా ఉంచుకొనటం దీవులలో అత్యవసరం. హైదరాబాదులో సాయంత్రానికి దొరికే తునకకు అక్కడ వారాలు పట్టవచ్చు.

తరువాతిది విద్యుత్తు. పై 4కు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు, పై 5కు 5 ఆంపియర్లు ఇవ్వగల సరఫరా పెట్టె వాడమని తయారీదారుల సలహా. తెర కూడా ఆ పలక నుండే శక్తి తీసుకొంటుంది గనుక, ఫోన్ ఛార్జరుతో సరిపెట్టుకొందామనే పొదుపు ఇక్కడ చెల్లదు. వోల్టేజి సుమారు 4.63 కన్న తగ్గినప్పుడు తెర మూలన చిన్న మెరుపు గుర్తు కనిపిస్తుంది. దానిని అలంకారమని ఉపేక్షించరాదు. అకారణంగా ఆగిపోయే యంత్రాలలో చాలావాటి జబ్బు పలచని తీగ, చాలని ఛార్జరు.

గోడకు బిగించే పెట్టెను బట్టి తెరను తలక్రిందులుగానో, నిలువుగానో పెట్టవలసి రావచ్చు. అప్పుడు బొమ్మను తిప్పటం సులభమే. తెర అమరికల పట్టికలో ఒక ఎంపిక చాలు. కాని బొమ్మ తిరిగినంత మాత్రాన స్పర్శ తిరగకపోవచ్చు. చూపే దారి ఒకటి, వినే దారి వేరొకటి కదా! కుడివైపు నొక్కితే ఎడమవైపు మీట పలికినప్పుడు యంత్రం చెడలేదని, స్పర్శను కూడా అదే దిశకు తిప్పమని అది కోరుతున్నదని గ్రహించాలి. నాలుగు మూలలనూ ఒక్కొక్కసారి తాకి చూడటం దీనికి చాలిన పరీక్ష.

తడిచేయి, ఉప్పుగాలి

ఇంతవరకు చెప్పినది ఏ ఊరికైనా వర్తిస్తుంది. ఇకమీద చెప్పవలసినది సముద్రానికి సంబంధించినది.

ఫోన్లలో కనిపించే స్పర్శతెర వేలికి ఉన్న విద్యుద్గుణాన్ని ఆధారం చేసుకొని పనిచేస్తుంది. వేలు దగ్గరైనప్పుడు అద్దం క్రింద ఉన్న సన్నని జాలంలో విద్యుదావేశం స్వల్పంగా మారుతుంది. ఆ మార్పు ఎక్కడ జరిగినదో కంప్యూటరు లెక్కగడుతుంది. ఉప్పునీటికి కూడా ఇట్టి గుణమే ఉన్నది. వల లాగి వచ్చిన చేతి తడి అద్దం మీద పడితే ప్రతి బొట్టూ ఒక వేలై కూర్చుంటుంది. ఒత్తిడి మీద పనిచేసే పాతరకం తెరకు ఈ భ్రమ లేదు. దాని పై పొర నొక్కుకొని క్రింది పొరను తాకితేనే అది పలుకుతుంది. తడి వేలైనా, తొడుగు వేసిన వేలైనా, పుల్లముక్కైనా దానికి ఒకటే. చూపులో అందం తక్కువైనా చేపలరేవుకు అదే మేలు. తరగతి గదికి, గ్రంథాలయానికి మొదటి రకం చాలు.

ఉప్పుగాలి చేసే హాని నెమ్మదిగా కనిపిస్తుంది. గాలిలోని ఉప్పు, చెమ్మ కలిసి పిన్నుల మీద పచ్చని చిలుము పట్టిస్తాయి. రక్షణకై పెట్టెను బిగువుగా మూసివేస్తే లోపలి వేడి బయటికి పోదు. పలక మీది ప్రధాన చిప్ వేడి 80 డిగ్రీలు దాటే సరికి తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. గాలి ఆడటానికి రంధ్రాలు పెడితే ఉప్పు లోనికి వస్తుంది. ఈ చిక్కుకు ఒక పరిష్కారం లోహపు పెట్టె. చిప్‌ను పెట్టె గోడకు అంటి ఉండేట్లు అమర్చితే, పెట్టె మొత్తం వేడిని బయటికి పంపే రెక్కగా పనిచేస్తుంది. ఫంకా అవసరం లేదు, రంధ్రమూ అవసరం లేదు. లోపల చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లం ఉంచి, తీగలు వచ్చే దారి పెట్టె అడుగున పెట్టి, తీగను కొంచెం క్రిందికి వ్రేలాడనిచ్చి పైకి తేవలెను. అప్పుడు తీగ వెంట జారే వాననీరు వంపు వద్దనే రాలిపోతుంది. అండమాన్‌లో ఏటా కురిసే వర్షం సుమారు 3 మీటర్లని గుర్తున్నవారికి ఈ జాగ్రత్త అతిగా తోచదు.

హఠాత్తుగా చీకటి

ఈ పలకలు తమ జ్ఞాపకాన్ని సాధారణంగా గోరంత మెమరీ కార్డు మీద వ్రాసుకొంటాయి. వ్రాస్తున్న క్షణంలో కరెంటు పోతే వాక్యం సగంలో ఆగుతుంది. ఇట్లా పలుమార్లు జరిగితే ఏదో ఒకనాడు యంత్రం లేవదు. దీనికి రెండు ఉపాయాలున్నవి. మొదటిది చిన్న బ్యాటరీ. పలక, తెర కలిసి తినేది ఒక చిన్న ఎల్ఈడీ బల్బు తినేపాటి శక్తే గనుక, కొద్దిపాటి బ్యాటరీ కూడా గంటలకొద్దీ నడపగలదు. సౌరఫలకం తోడైతే మరీ మంచిది. రెండవది, యంత్రాన్ని అమర్చటం పూర్తయిన తరువాత కార్డు మీద ఏమీ వ్రాయరాదని కట్టడి చేయటం. రాస్ప్‌బెర్రీ పై అమరికలలోనే ఇందుకు ఏర్పాటున్నది. అప్పటి నుండి మార్పులన్నీ తాత్కాలిక జ్ఞాపకంలో ఉండి, కరెంటుతో పాటే చెరిగిపోతాయి. కార్డు మాత్రం మొదటి రోజున ఉన్నట్లే ఉంటుంది.

అయితే ఏమీ వ్రాసుకోని యంత్రానికి నిన్న అనేది లేదు. ఇక్కడే అసలైన ప్రమాదం పొంచి ఉన్నది.

ఆరు గంటల అబద్ధం

పై 5కు ముందు వచ్చిన పలకలలో స్వంత గడియారం లేదు. ఇంటర్నెట్ అందిన వెంటనే అవి సమయం అడిగి తెలుసుకొంటాయి. ఇంటర్నెట్ లేనప్పుడు, చివరిసారి దాచుకొన్న సమయం నుండే తిరిగి లెక్క మొదలుపెడతాయి. కరెంటు ఆరు గంటలు లేకపోతే ఆ గడియారం ఆరు గంటలు వెనుకబడి, ఏమీ ఎరుగనట్లు నడుస్తుంది.

సముద్రం ఒడ్డున ఆరు గంటలంటే సామాన్యమైన తేడా కాదు. పోర్ట్‌బ్లెయిర్ తీరాన దినానికి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కనుక పోటుకు, పాటుకు మధ్య కాలం ఆరు గంటల పైచిలుకు. గడియారం ఆరు గంటలు తప్పిందంటే, నీరు నిండుగా ఉన్న వేళ తెర అడుగంటినదని చూపుతుంది. పగడపు దిబ్బ పైకి తేలి ఉన్న వేళ పడవకు దారి ఉన్నదని చూపుతుంది. తేడా కొద్దిగా ఉంటే ఎవరైనా అనుమానిస్తారు. పూర్తిగా తలక్రిందులైన పట్టిక మాత్రం చక్కగా, నిండుగా, నమ్మదగినట్లు కనిపిస్తుంది.

మందు సులభమే. పై 5లో గడియారం ఉన్నది. దానికి ఒక చిన్న బ్యాటరీని విడిగా కొని తగిలించవలెను. పాత పలకలకు డీఎస్ 3231 వంటి గడియారపు చిప్ గల చిన్న ముక్క దొరుకుతుంది. ఏడాదికి ఒకటి రెండు నిమిషాలకు మించి తప్పదు. ఉపగ్రహాల నుండి స్థానాన్ని తెలుసుకొనే జీపీఎస్ లేక నావిక్ గ్రాహకాన్ని తగిలిస్తే, ఏ తీగా లేకుండానే ఆకాశం నుండి సరియైన సమయం అందుతుంది. తక్కిన అలంకారాలన్నీ మాని అయినా సరే, ఈ ఒక్క ఖర్చుకు వెనుదీయరాదు.

సమయం సరిగా ఉంటే పోటుపాట్లను తెలుసుకొనటానికి ఇంటర్నెట్‌తో పనిలేదు. చంద్రసూర్యుల గమనాన్ని బట్టి సముద్రమట్టం ఎట్లా మారుతుందో, ఒక్కొక్క రేవుకు విడివిడిగా కొన్ని స్థిరాంకాలతో లెక్కించవచ్చు. ఈ గణితాన్ని యంత్రంతో చేయించిన తొలి ఘనత 1870 దశకంలో విలియం థామ్సన్‌ది. లార్డ్ కెల్విన్ అని ప్రపంచం ఎరిగినది ఆయననే. 1879లో భారత ప్రభుత్వం కొరకే ఎడ్వర్డ్ రాబర్ట్స్ పర్యవేక్షణలో ఇట్టి యంత్రం ఒకటి లండనులో తయారైంది. కప్పీల మీదుగా సాగే ఒకే త్రాడు, దాని కొసన కలం—ఇదీ దాని స్వరూపం. భారతీయ రేవుల పోటుపాట్ల పట్టికలు దానితో గీశారు. నేడు సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రకటించే పట్టికలలో పోర్ట్‌బ్లెయిర్ కూడా ఉన్నది. ఆనాడు ఒక గదిలో కొలువుదీరిన యంత్రం చేసిన పనిని ఈ పేకముక్క రెప్పపాటులో చేస్తుంది.

సూర్యోదయాస్తమయాలదీ ఇదే తీరు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ చెంతగా పోతున్నది. పోర్ట్‌బ్లెయిర్ ఆ రేఖకు పది డిగ్రీలకు పైగా తూర్పున ఉన్నందువల్ల అక్కడ సూర్యుడు గడియారం కన్న సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. హైదరాబాదు అక్షాంశ రేఖాంశాలతో అమర్చిన యంత్రాన్ని అట్లాగే తీసుకుపోయి అక్కడ పెడితే, చీకటి పడటానికి ఇంకా గంట ఉన్నదని నమ్మబలుకుతుంది. చీకటి పడితే అది కూడా అబద్ధమే.

అక్షరం కనిపించాలి

తెర మీది మాట తెలుగులో ఉండాలంటే మరికొంత శ్రద్ధ అవసరం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. కాని తెలుగు అక్షరం ఒక్క స్థానంతో తీరదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం వెనుక ఆరు సంకేతాలున్నవి. వాటిని కూర్చి ఒత్తులతో, గుణింతంతో ఒకే రూపంగా మలచటం యంత్రానికి పరీక్షే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒకానొక సంకేత క్రమంలో చేరితే ఐఫోన్లలోని సందేశ కార్యక్రమాలు కూలిపోయిన ఉదంతం ప్రపంచమంతటా వార్త అయింది. ఆపిల్ సంస్థ కొద్ది రోజులలోనే దానిని సరిదిద్దింది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని తడబరచిందని తెలుగువారు నవ్వుకొన్నారు.

రాస్ప్‌బెర్రీ పైలో లోహిత్, నోటో వంటి ఉచిత తెలుగు ఫాంట్లు స్థాపించుకొనవచ్చు. తరువాతి ప్రశ్న పరిమాణం. ఏడంగుళాల తొలి తెరలో ఒక మిల్లీమీటరుకు వచ్చేవి సుమారు 5 చుక్కలు. 4 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరానికి 20 చుక్కలే దక్కితే, అందులో ఒత్తుకు మిగిలేవి ఆరో, ఏడో. ఇంగ్లీషుకు చాలిన పరిమాణంలో తెలుగు ఒత్తులు మసకబారి, ‘క్క’కు, ‘క్త’కు తేడా తెలియదు. కనుక అక్షరం రెట్టింపు పెద్దదిగా, మాట సగానికి సగం తక్కువగా ఉండాలి. గట్టున నిలబడి చదివేవాడికి మూడు ముక్కలు చాలు: గాలి ఎంత, అల ఎంత, నీరు ఎప్పుడు.

దీవులలో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకే ఫలకం మీద అన్ని భాషలను కుక్కితే ఏదీ చదవరాదు. స్పర్శతెర అవసరం ఇక్కడే ఋజువవుతుంది: ఎవరి భాష వారు వేలితో ఎన్నుకొంటారు.

రెండు రకాల మాటలు

తెర చెప్పే మాటలు రెండు రకాలు. పోటుపాట్లు, సూర్యోదయం, తేదీ, సమయం—ఇవి యంత్రం తానుగా లెక్కించి చెప్పగలవి. గాలి, అల, తుఫాను—ఇవి దూరం నుండి రావలసినవి.

రెండవ రకం మాటలు వచ్చే చోటు హైదరాబాదు కావటం తెలుగువారికి ఆసక్తికరమైన విషయం. సముద్రం లేని ఆ నగరంలోనే 1999లో నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, అలల సూచనలను, చేపలు దొరికే తావుల సూచనలను తయారుచేసి దేశంలోని తీరమంతటికీ పంపుతున్నది. మత్స్యరేవులలో వాటిని చూపటానికి ఎలక్ట్రానిక్ ప్రదర్శన ఫలకాలు కూడా ఏర్పాటయ్యాయి. తీరానికి పదీ పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్లు అందవన్న చేదునిజం 2017 ఓఖీ తుఫానులో మరింత స్పష్టమైంది. దరిమిలా 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న గ్రాహకం వెలువడింది. గగన్ ఉపగ్రహాల నుండి హెచ్చరికలను అందుకొని, బ్లూటూత్ ద్వారా ఫోనుకు చేర్చి, తొమ్మిది ప్రాంతీయ భాషలలో చూపే ఉపకరణమది. రేవుగట్టున చిన్న తెర అమర్చదలచినవారు నడవవలసిన దారి ఇదే: మాట అధికార కేంద్రానిది, తెర మాత్రమే మనది.

ఆ మాట ఎప్పటిదో తెర తప్పక చెప్పాలి. సూచన అందిన తేదీ, గంట దాని ప్రక్కనే పెద్ద అక్షరాలతో ఉండాలి. సూచన చెల్లుబాటు గడువు దాటిన క్షణాన యంత్రం దానిని తుడిచివేసి, “తాజా సమాచారం లేదు” అని వ్రాయాలి. చాలామంది అమరికదారులు దీనికి ఇష్టపడరు. ఖాళీ తెర తమ అసమర్థతకు గుర్తని భావిస్తారు. కాని ఖాళీ తెరను చూసినవాడు ఆకాశం వంక చూస్తాడు, రేవు కార్యాలయానికి వెళ్ళి అడుగుతాడు, పెద్దవాళ్ళను సంప్రదిస్తాడు. పాతమాట చూసినవాడు అవేవీ చేయడు.

2004 డిసెంబరు 26 ఉదయం ఈ దీవులు నేర్చిన పాఠమూ ఇక్కడ స్మరించదగినది. 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా చెంత భూమి కంపించింది. అప్పటికి హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు. హైదరాబాదులో అది 2007 అక్టోబరులో గాని ఏర్పడలేదు. ఆనాడు నీరు ముంచటంతో ఆగలేదు, నేల కూడా మారింది. పోర్ట్‌బ్లెయిర్ ప్రాంతం దాదాపు ఒక మీటరు క్రుంగింది. సిప్పిఘాట్ పొలాలలోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. ఉత్తర అండమాన్ పడమటి తీరాన నేల పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి తేలి ఎండిపోయాయి. అంతవరకు సరిగా ఉన్న నీటిమట్టపు కొలతలు ఒక్క ఉదయంలో పాతబడ్డాయి. ఎంతో కాలంగా నిజమైన లెక్కకు కూడా గడువున్నదని, దానిని మళ్ళీ మళ్ళీ కొలిచి సరిచూసుకోవాలని దాని అర్థం.

కనుక ఇంటి తయారీ తెరను ప్రాణరక్షణకు ఆధారం చేసుకోరాదు. నేల బలంగా, చాలాసేపు కంపిస్తే తెర ఏమంటున్నదో చూడటానికి నిలవకుండా మెట్టకు పరుగెత్తటమే తీరవాసి ధర్మం. ఆ మాటను తెర క్రింద గోడ మీద రంగుతో వ్రాసి ఉంచటం మంచిది. రంగుకు కరెంటు అక్కరలేదు.

ఇంతా చేసి తెరను గోడకు బిగించిన తరువాత ఒక్క పరీక్ష మిగులుతుంది. ఇంటర్నెట్ తీగ పీకివేయాలి. కరెంటు తీసివేసి, ఒక పూట గడిచాక మళ్ళీ ఇవ్వాలి. లేచిన తెర సరియైన గంట చూపి, నేటి పోటుపాట్లు చెప్పి, గాలి సంగతి తనకు తెలియదని ఒప్పుకొంటే దానిని అక్కడ ఉంచవచ్చు. నిన్నటి గాలిని నేటిదిగా చూపితే, ఎంత అందంగా వెలుగుతున్నా సరే, విప్పి ఇంటికి తీసుకుపోయి బాగుచేయవలసిందే.